ఫ్లష్ డ్రా: ముక్క తగలడం ఒక లెక్క, డబ్బు రావడం ఇంకో లెక్క

టెక్సస్ హోల్డెమ్ పోకర్‌ను కొంచెం శ్రద్ధగా నేర్చుకున్న ఎవరినైనా ఫ్లష్ డ్రా (ఒకే జాతి ముక్కలు అయిదు కుదిరితే ఫ్లష్, నాలుగు కుదిరి అయిదోదాని కోసం చూడటం ఫ్లష్ డ్రా) గురించి అడిగితే రెండు అంకెలు తడుముకోకుండా చెబుతారు: అవుట్లు, అంటే మన చేయిని పూర్తి చేసే ముక్కలు, 9, అవకాశం 35 శాతం. రెండూ సరైన అంకెలే. అయినా ఈ రెండు అంకెలు మాత్రమే తెలిసినవారు, ఏమీ తెలియనివారికంటే ఈ ముక్కలతో ఎక్కువ చిప్స్ (పందెపు బిళ్లలు) పోగొట్టుకుంటారని నా అభిప్రాయం. ఏమీ తెలియనివాడు పెద్ద పందెం చూస్తే కనీసం జంకుతాడు. సగం తెలిసినవాడు మాత్రం లెక్క తన పక్షాన ఉందన్న ధైర్యంతో కాల్ చేసుకుంటూ, అంటే ఎదుటివాడి పందేనికి సమానంగా పెడుతూ పోతాడు. ఆ అంకెలు ముక్క పడే అవకాశాన్ని చెబుతాయే తప్ప, పడేలోగా మనం ఎంత కట్టవలసి వస్తుందో, పడ్డాక అవతలివాడు ఎంత ఇస్తాడో చెప్పవు. ఫ్లష్ డ్రాలో లాభనష్టాలన్నీ ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలతాయి కాబట్టి, ఈ వ్యాసంలో నా వాదన అంతా వాటి చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఆ 35 శాతం ఎలా వచ్చిందో చూద్దాం. మన చేతిలో ఆఠీను 7, ఆఠీను 6 ఉన్నాయి. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ కలిపి మొదట పరిచే మూడు ముక్కల్లో, ఆఠీను రాజు, ఆఠీను జాకీ, కళావరు 2 పరిచారు. పేకలో ఉన్న 13 ఆఠీనుల్లో నాలుగు మనకు కనిపించాయి గనుక మిగిలినవి 9. మనం చూడని ముక్కలు మొత్తం 47. టర్న్‌లో (నాలుగో ముక్కగా) ఆఠీను పడే అవకాశం 47లో 9, అంటే 19.1 శాతం. అక్కడ పడకపోతే రివర్‌లో (అయిదో, చివరి ముక్కగా) 46లో 9, అంటే 19.6 శాతం. ఈ రెండు ముక్కల్లో కనీసం ఒక్కటైనా ఆఠీను అయ్యే అవకాశం 35 శాతం. అవుట్ల సంఖ్యను ఫ్లాప్‌లో నాలుగుతోనూ టర్న్‌లో రెండుతోనూ గుణించమనే సులువైన సూత్రం కూడా ఇంచుమించు ఇదే జవాబు ఇస్తుంది. చిక్కేమిటంటే, ఆ 35 శాతం రెండు ముక్కలూ చూడగలిగినవాడికి చెందిన అంకె. ఫ్లాప్‌లో కాల్ చేసినవాడు కొనుక్కున్నది ఒక్క ముక్కనే. రెండోదానికి మళ్లీ ధర పలుకుతారు, ఆ ధరను నిర్ణయించేది అవతలివాడు.

ఇదే బోర్డు (బల్ల మీద పరిచిన ముక్కలు) మీద ఒక ఆటను చివరిదాకా లెక్క కట్టి చూస్తే విషయం తేటపడుతుంది. ఫ్లాప్ పరిచేసరికి పాట్‌లో, అంటే గెలిచినవాడికి దక్కే కుప్పలో, 100 చిప్స్ ఉన్నాయి, ఇద్దరి ముందూ చెరి 600 ఉన్నాయి. ప్రత్యర్థి 75 పందెం కాశాడు. మనం 75 పెడితే పాట్ 250 అవుతుంది కాబట్టి ఆ కాల్ సరిపోవాలంటే 30 శాతం అవకాశం ఉండాలి. సగం లెక్క తెలిసిన ఆటగాడు 35 అంకె గుర్తు తెచ్చుకుని, 30 కంటే 35 ఎక్కువే కదా అని కాల్ చేస్తాడు. టర్న్‌లో డైమను 4 పడింది. ప్రత్యర్థి ఇప్పుడు 250 పాట్‌లోకి 190 కాశాడు. 630 చిప్స్ కోసం 190 పెట్టాలంటే మళ్లీ 30 శాతం కావాలి, మనకు మిగిలిన అవకాశం మాత్రం 19.6.

ఇక్కడ చాలామంది ఇంప్లైడ్ ఆడ్స్ అనే మాటను ముందుకు తెస్తారు. పాట్‌లో ప్రస్తుతం ఉన్నది చాలకపోయినా, ముక్క పడ్డాక ప్రత్యర్థి దగ్గర మిగిలినది కూడా గుంజుకోవచ్చు కాబట్టి కాల్ చేయవచ్చన్నది ఆ వాదన. వాదనలో పస ఉంది, కానీ దానికీ లెక్క ఉంది. టర్న్‌లో ఆఠీను పడని ముక్కలు 37, పడేవి 9. అంటే మనం పెట్టే ప్రతి చిప్‌కూ 4.11 చిప్స్ తిరిగి రావాలి. 190కి 781 రావాలి, పాట్‌లో ఉన్నది 440, కాబట్టి లోటు 341. రెండు కాల్స్ తర్వాత ఒక్కొక్కరి ముందు మిగిలేది 335. అంటే రివర్‌లో ఆఠీను పడిన ప్రతిసారీ ప్రత్యర్థి మారు ఆలోచించకుండా తన దగ్గరున్న చిట్టచివరి చిప్ వరకు ఇచ్చేసినా, మనకంటే పెద్ద ఫ్లష్ ఎన్నడూ ఎదురుపడకపోయినా, ఆ కాల్ ఇంకా నష్టమే. ఇంత స్పష్టంగా నష్టమైన కాల్‌ను, పోకర్ బల్ల దగ్గర కూర్చున్నవారు అసలు ఆలోచించవలసిన నిర్ణయంగానే చూడకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది.

అలాగని ఫ్లాప్‌లోని మొదటి కాల్ కూడా తప్పేనని నేను అనడం లేదు. 75 చిప్స్‌కు 317 రావాలి, 175 ఉన్నాయి, లోటు 142. ముందు ఇంకా 525 చిప్స్ ఆట మిగిలి ఉంది కాబట్టి, సరైన ప్రత్యర్థి దగ్గర ఆ 142 సగటున రాబట్టడం అసాధ్యం కాదు. ఫ్లాప్‌లో కాల్ చేసి, టర్న్‌లో ధర పెరిగితే ముక్కలు పడేయడం (ఫోల్డ్) పూర్తిగా సమంజసమైన ఆట. కానీ ఒకసారి చిప్స్ పెట్టాక మనసు ఆ పాట్‌ను సగం తనదిగానే భావిస్తుంది, అప్పుడు వదిలేయడం ఓటమిలా అనిపిస్తుంది. నిజానికి టర్న్‌లో అడిగే ధరకూ ఫ్లాప్‌లో మనం కట్టినదానికీ సంబంధమే లేదు, కట్టినది పాట్‌దైపోయింది.

ఫ్లష్ డ్రాను ఎప్పుడూ వదలకూడదన్న నమ్మకం గాలిలోంచి రాలేదు. అది లిమిట్ హోల్డెమ్‌కు సంబంధించిన విజ్ఞానం. ఆ ఆటలో పందెం ఎంత కాయాలో నియమమే నిర్ణయిస్తుంది: ఫ్లాప్‌లో ఒక చిన్న పందెం, టర్న్‌లో దానికి రెట్టింపు. ఫ్లాప్ పరిచేసరికి పాట్‌లో ఆరు చిన్న పందేలు ఉంటే, ఎదుటివాడు ఒకటి కాసినప్పుడు ఏడింటి కోసం ఒకటి పెడతాం. కావలసిన అవకాశం 12.5 శాతమే. టర్న్‌కు వచ్చేసరికి పాట్‌లో నాలుగు పెద్ద పందేలు ఉంటాయి, అతను ఇంకొకటి కాస్తే ఐదింటి కోసం ఒకటి, అంటే 16.7 శాతం. రెండు చోట్లా మన 19 శాతం గెలుస్తుంది. అక్కడ డ్రాను వదిలేయడమే తప్పు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే ఔత్సాహిక ఆటగాడు వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచాక నో-లిమిట్ (పందేనికి పరిమితి లేని) ఆట ఊపందుకుని, లిమిట్ ఆట క్రమంగా వెనకబడింది. దాని సలహా మాత్రం వెనకబడలేదు. ధరను అవతలివాడు తన ఇష్టం వచ్చినట్టు పెంచగలిగే ఆటలో, ధర స్థిరంగా ఉండే ఆట తాలూకు సూత్రాన్ని పట్టుకుని వేలాడటం వల్లనే ఈ అనర్థమంతా.

ఇప్పుడు రెండో ప్రశ్న: ముక్క పడ్డాక ఎంత వస్తుంది? ఫ్లష్‌కు ఉన్న అతి పెద్ద లోపం అది దాగదు. చేతిలో జత పెట్టుకుని ఫ్లాప్‌లో మూడోది పట్టినవాడి సెట్ ఎవరికీ కనబడదు. మధ్యలో ఒక ముక్క దూరి పూర్తయిన స్ట్రెయిట్‌ను (వరుసగా వచ్చే అయిదు ముక్కలను) కూడా చాలామంది పోల్చుకోలేరు. బోర్డు మీద మూడు ఆఠీనులు పడితే మాత్రం, ఆట నిన్న మొన్న నేర్చుకున్నవాడికి కూడా అది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అప్పటిదాకా రాజుల జతతో ధీమాగా పందేలు కాస్తున్న ప్రత్యర్థి మూడో ఆఠీను పడగానే చెక్ చేస్తాడు (పందెం కాయకుండా వంతు దాటిస్తాడు), మనం కాస్తే కాసేపు పైకప్పు చూసి పడేస్తాడు. కాబట్టి ఇంప్లైడ్ ఆడ్స్ లెక్క వేసేటప్పుడు ప్రత్యర్థి ముందున్న చిప్స్ కుప్పను చూడటం కాదు, మూడో ఆఠీను చూశాక కూడా ఆ కుప్పలోంచి ఎంత తీసే మనిషో చూడాలి. ఏదో ఒక జత ఉంటే చాలు వదలలేని మనిషి అయితే లోటు ఎంతైనా పూడుతుంది. జాగ్రత్తపరుడైతే 142 కూడా పూడదు. ఒకే ముక్కలు, ఒకే బోర్డు, ఒకే పందెం. ఎదుట కూర్చున్న మనిషిని బట్టి ఒకచోట కాల్, ఇంకొకచోట ఫోల్డ్.

పైగా, మూడో ఆఠీను చూశాక కూడా ఉత్సాహంగా పెద్ద మొత్తాలు పెట్టే ప్రత్యర్థి చేతిలో ఏముంటుందన్నది మరో ఇబ్బందికరమైన ప్రశ్న. రివర్‌లో మన 7–6 ఫ్లష్ పూర్తయిందనుకుందాం. మనకు కనబడని 45 ముక్కల్లో 8 ఆఠీనులు మిగిలి ఉంటాయి. యథాలాపంగా తీసిన రెండు ముక్కలూ ఆఠీనులే అయ్యే అవకాశం 2.8 శాతం మాత్రమే. ఈ అంకె చూసి, పెద్ద ఫ్లష్ ఎదురవుతుందన్న భయం అనవసరమని వాదించేవారు ఉన్నారు. కానీ ఎదుటివాడి చేతిలో ఉన్నవి యథాలాపంగా తీసిన ముక్కలు కావు. ఫ్లాప్, టర్న్ పందేలను దాటుకుని వచ్చి, మూడు ఆఠీనులు కనబడుతున్న బోర్డు మీద ఇంకా రెయిజ్ చేస్తున్న (పందెం పెంచుతున్న) ముక్కలు. ఆ జల్లెడలో బక్క ముక్కలన్నీ రాలిపోయాక మిగిలే వాటిలో ఫ్లష్‌ల వాటా చాలా ఎక్కువ, ఆ ఫ్లష్‌లలో దాదాపు అన్నీ 7ను ఓడించేవే. చిన్న ఫ్లష్‌తో చిన్న పాట్‌లు గెలిచి, పెద్ద పాట్‌లు ఓడిపోవడం అనే దుస్థితి ఇక్కడినుంచే వస్తుంది.

అందుకే ఫ్లష్ డ్రాలన్నింటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. చేతిలో ఆఠీను ఆసు ఉన్న డ్రా వేరు, ఆఠీను 7 పెద్దగా ఉన్న డ్రా వేరు. ఆసు ఉన్నవాడికి ఫ్లష్ పడితే, బోర్డు మీద జత లేనంతవరకు, స్ట్రెయిట్ ఫ్లష్‌కు వీలు లేనంతవరకు అతన్ని కొట్టేది లేదు. చిన్న ఫ్లష్ పట్టినవాళ్లు అతనికి డబ్బు ఇస్తారు. ఫ్లష్ పడకపోయినా, బోర్డులో ఆసు లేకపోతే మిగిలిన మూడు ఆసుల్లో ఏదో ఒకటి పడి జత కుదిరి గెలిచే వీలు ఉంది. ఆ మూడింటినీ నిజమైన అవుట్లుగా లెక్కించగలిగితే మొత్తం 12 అవుట్లు, రెండు ముక్కలకు 45 శాతం. ఫ్లష్ డ్రాతోపాటు రెండు వైపులా తెరిచి ఉన్న (ఏ కొసన ముక్క పడినా పూర్తయ్యే) స్ట్రెయిట్ డ్రా కూడా కలిస్తే 15 అవుట్లు, 54 శాతం. అప్పుడు ఒక్క జత ఉన్నవాడికంటే డ్రా చేస్తున్నవాడే ముందున్నట్టు. (నాలుగుతో గుణించే సూత్రం ఇక్కడ 60 అని చెబుతుంది, అవుట్లు ఎక్కువైనకొద్దీ ఆ సూత్రం గొప్పలకు పోతుంది.) ఇలాంటి డ్రాలను దూకుడుగా ఆడటంలో వివాదం లేదు. మన 7–6 లాంటి డ్రాల దగ్గరే మనుషుల మధ్య తేడా తెలుస్తుంది.

అవుట్లు పెరిగినట్టే తరుగుతాయి కూడా. ప్రత్యర్థి దగ్గర ఇప్పటికే సెట్ ఉందనుకుందాం. మన చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను 5. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను 8, కళావరు 3. అతని చేతిలో రెండు 8లు. ఆఠీను 3 పడితే మనకు ఫ్లష్ వస్తుంది, అతనికి దాన్ని ఓడించే ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) వస్తుంది. అంటే తొమ్మిదిలో ఒక అవుట్ ఉత్త మోసం. టర్న్‌లో శుభ్రమైన ఆఠీను పడిందే అనుకున్నా, బోర్డు మీద ఏదో ఒక ముక్క జతపడేలా, లేదా నాలుగో 8 పడేలా అతనికి రివర్‌లో పది ముక్కలు ఉంటాయి. 44లో 10, దాదాపు 23 శాతం. ఇవన్నీ కలిపితే 35 అనుకున్న మన వాటా పావు వంతుకు దిగుతుంది. ఫ్లాప్‌లోనే బోర్డు జతపడి ఉంటే పరిస్థితి ఇంకా అధ్వానం, ఎందుకంటే అప్పుడు మనం కోరుకున్న ముక్క పడ్డాక కూడా ఓడిపోతూ, ఆ సంగతి తెలియక ఇంకా డబ్బు పెట్టే ప్రమాదం ఉంది.

ఇంతవరకు చెప్పినదంతా కాల్ చేయడం గురించే. నా అసలు ఫిర్యాదు కూడా దానిమీదే: ఫ్లష్ డ్రా దొరకగానే కాల్ ఒక్కటే మార్గమన్నట్టు ఆడటం. కాల్ చేసినవాడికి గెలవడానికి ఒక్కటే దారి, ముక్క పడాలి. రెయిజ్ చేసినవాడికి రెండు దారులు: ప్రత్యర్థి ఇప్పుడే పడేయవచ్చు, పడేయకపోతే ముక్క పడవచ్చు. దీన్నే సెమీ బ్లఫ్ అంటారు, ఫ్లష్ డ్రా అందుకు కుదిరినంతగా మరే చేయీ కుదరదు.

మన మొదటి ఉదాహరణకే తిరిగి వెళితే, 100 పాట్‌లోకి ప్రత్యర్థి 75 కాసినప్పుడు మనం 225కు రెయిజ్ చేశామనుకుందాం. 175 గెలవడానికి 225 ఒడ్డుతున్నాం. చేతిలో ఏమీ లేని ఉత్త బ్లఫ్ అయితే ఇది గిట్టుబాటు కావడానికి అతను 56 శాతం సార్లు పడేయాలి, అది మామూలు విషయం కాదు. ఇప్పుడు మన డ్రాను లెక్కలోకి తీసుకుందాం. రెయిజ్‌కు కాల్ చేసే ముక్కలు బలమైనవే ఉంటాయి గనుక మన వాటాను 35 నుంచి 30కి తగ్గిద్దాం. లెక్క సులువు కోసం ఆ తర్వాత ఇంక పందేలు లేవనుకుందాం. కాల్ చేసినప్పుడు 550 పాట్‌లో మన వాటా 165, పెట్టింది 225, నష్టం 60. పడేసినప్పుడు లాభం 175. ఈ రెండూ సరితూగడానికి అతను పావువంతు సార్లు పడేస్తే చాలు. 56 ఎక్కడ, 25 ఎక్కడ! ఒక్క జతతోనో, ఆసు పెద్ద ముక్కగానో, అలవాటు కొద్దీ ఫ్లాప్‌లో పందెం కాసే ప్రత్యర్థి అంతకంటే ఎక్కువసార్లే వదిలేస్తాడు. పైగా మన 7–6కు అతను పడేసిన ప్రతి చేయీ లాభమే, ఎందుకంటే ఫ్లష్ పడకపోతే అతని చేతిలోని ఉత్త 10 కూడా మనల్ని ఓడిస్తుంది.

రెయిజ్‌కు ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రెయిజ్ చేస్తే పందెం మళ్లీ తెరుచుకుంటుంది. అతను తన 600 మొత్తం తోసేస్తే పాట్ 925 అవుతుంది, మనం ఇంకా 375 పెట్టాలి, కావలసిన వాటా 28.8 శాతం. అతని దగ్గర ఒక జత ఉంటే మనకు అంత ఉంటుంది. సెట్ ఉంటే ఉండదు. పెద్ద ఫ్లష్ డ్రా ఉంటే మన పరిస్థితి చెప్పనక్కరలేదు. రెయిజ్ చేసేముందే ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి. అవతలివాడు ఆల్-ఇన్ అన్నాక గడియారం చూసుకుంటూ లెక్క మొదలుపెట్టడం ఆలస్యం. ఇంకొకటి: ఏం కాసినా పడేయని మనిషి మీద సెమీ బ్లఫ్ అనేదే లేదు, అది పెద్ద మొత్తంలో చేసే కాల్ మాత్రమే. అలాంటి మనిషి దగ్గర వచ్చే లాభం ముక్క పడ్డాకనే వస్తుంది కాబట్టి, తక్కువ ధరకు చూసి, పడ్డాక ఎక్కువ ధర అడగడం మంచిది.

చిప్స్ తక్కువగా ఉన్నప్పుడు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. పాట్‌లో 100, మన ముందు 100 మాత్రమే ఉన్నాయి, ప్రత్యర్థి ఇంకా పందెం కాయలేదు. మనం మొత్తం తోసేస్తే రెండు ముక్కలూ ఉచితంగా చూస్తాం. ఆ 35 శాతం అసలు అర్థంలో వర్తించేది ఇక్కడే. అతను కాల్ చేస్తే 300 పాట్‌లో మన వాటా 105. అంటే అతను ఒక్కసారి కూడా పడేయకపోయినా 5 చిప్స్ లాభం, పడేసిన ప్రతిసారీ 100 లాభం. అతను సెట్ లాంటి బలమైన ముక్కలతోనే కాల్ చేస్తాడని భావించి వాటాను 25కు తగ్గించినా, అతను ఐదోవంతు సార్లు పడేస్తే సరిపోతుంది. ఇంత మంచి అవకాశాన్ని చేతిలో పెట్టుకుని చెక్ చేసి, అతను కాశాక కాల్ చేసేవారిని చూస్తే నాకు ఉండబట్టదు. చిప్స్ ఎలాగూ అవే వెళుతున్నాయి, అతను పడేసే అవకాశాన్ని మాత్రం వీళ్లు చేజేతులా వదులుకుంటున్నారు. టోర్నమెంటులో బహుమతుల మెట్టు దగ్గరపడినప్పుడు ఓడిన చిప్ విలువ గెలిచిన చిప్ విలువకంటే ఎక్కువ కాబట్టి అక్కడ కొంచెం వెనక్కి తగ్గాలి, కానీ ఆ తగ్గడం కాల్ చేసేవాడికే ఎక్కువగా వర్తిస్తుంది.

ఇంత చేసినా మూడింట రెండుసార్లు ముక్క పడదు. ఐదు ఫ్లష్ డ్రాలు వరుసగా తప్పిపోయే అవకాశం 11.6 శాతం, అంటే అది శాపమూ కాదు, పేక కలిపినవాడి కుట్రా కాదు, తరచూ జరిగే మామూలు సంగతే.

ఎవరు చివర మాట్లాడతారన్నది కూడా ధరను మారుస్తుంది. మనం ప్రత్యర్థి తర్వాత ఆడే స్థానంలో ఉంటే, ఫ్లాప్‌లో చేసిన రెయిజ్‌కు భయపడి అతను టర్న్‌లో చెక్ చేసినప్పుడు మనమూ చెక్ చేసి రివర్ ముక్కను ఉచితంగా చూడవచ్చు. ఫ్లష్ పడితే పాట్‌ను ఎంత పెంచాలో చివరి మాట మనదే. ముందు ఆడే స్థానంలో ఉన్నవాడి ఇబ్బంది వేరు: ఆఠీను పడ్డాక తానే కాస్తే కథంతా తెలిసిపోతుంది, చెక్ చేస్తే అవతలివాడూ చెక్ చేసి ఉచితంగా దాటుకుంటాడు. అందువల్ల ముందు స్థానంలో ఉన్నప్పుడు ఇంప్లైడ్ ఆడ్స్‌ను తగ్గించి వేసుకోవాలి, 142 వస్తుందనుకున్న చోట అందులో సగం వచ్చినా అదృష్టమే అనుకోవాలి.

పాట్‌లో ఎక్కువమంది ఉన్నప్పుడు లెక్క ఎటు వంగుతుందన్న విషయంలో రెండు మాటలు. 100 పాట్‌లోకి ఒకడు 50 కాసి, మరో ఇద్దరు కాల్ చేశాక మన వంతు వస్తే, 250 కోసం 50 పెడుతున్నాం, కావలసింది 16.7 శాతమే, ఒక్క ముక్క లెక్క ప్రకారమే కాల్ సరిపోతుంది. ఆసు ఉన్న డ్రాకు ఇంతకంటే మంచి పరిస్థితి లేదు. కానీ చిన్న డ్రాకు ఇదే పరిస్థితి ఉచ్చు: యథాలాపంగా తీసిన ముక్కలనుకున్నా సరే, ముగ్గురు ప్రత్యర్థుల్లో ఒకరికి ఫ్లష్ ఉండే అవకాశం 2.8 నుంచి సుమారు 8 శాతానికి చేరుతుంది, ముగ్గురినీ ఒకేసారి బ్లఫ్‌తో లేపడం మాట అటుంచి ఇద్దరిని లేపడమే కష్టం. నేనైతే పెద్ద డ్రాలను గుంపులోనూ, చిన్న డ్రాలను ఒంటరి ప్రత్యర్థి మీదా ఆడటానికి ఇష్టపడతాను. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా ఆడతారు.

ఈ తలకిందుల వ్యవహారం ఫ్లాప్‌కు ముందే మొదలవుతుందని చెప్పాలి. రాజు–2, జాకీ–4 లాంటి ముక్కలు ఒకే జాతివి అయినంత మాత్రాన ఆడదగినవి అయిపోవు. ఒకే జాతి ముక్కలు రెండు పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లోనే ఫ్లష్ వచ్చేది 0.84 శాతం, ఫ్లష్ డ్రా వచ్చేది 10.9 శాతం, అయిదు ముక్కలూ చూడగలిగితే ఫ్లష్ పూర్తయ్యేది 6.4 శాతం. వేర్వేరు జాతుల అవే ముక్కలతో పోలిస్తే గెలుపు వాటాలో తేడా రెండు మూడు శాతం మించదు. ఫ్లష్ అంటే ఉన్న మోజు అంతా దాని అరుదుదనం వల్ల వచ్చింది. ఇరవై ముక్కలతో ఆడిన తొలినాళ్ల పోకర్‌లో జాతికి అయిదే ముక్కలు కాబట్టి ఫ్లష్‌కు తావే లేదు, 52 ముక్కల పేకలో సాధ్యమైన 25,98,960 అయిదు ముక్కల చేతుల్లో కూడా సాదా ఫ్లష్‌లు 5,108 మాత్రమే, స్ట్రెయిట్‌లలో సగం. అరుదైన దాని కోసం ఎదురుచూడటంలో ఉన్న సరదాకు ధర కట్టి కొంటున్నామని ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. దాన్ని వ్యూహమనడమే అభ్యంతరకరం.

చివరగా, రివర్‌లో కూడా ఆఠీను పడని సందర్భం. బోర్డు మీద ఆఠీను రాజు, ఆఠీను జాకీ, కళావరు 2, డైమను 4, ఇస్పేటు 8 ఉన్నాయి, మన చేతిలో 7–6 మిగిలాయి. చెక్ చేస్తే గెలిచే ప్రసక్తే లేదు కాబట్టి బ్లఫ్ చేయాలనిపించడం సహజం. కానీ బ్లఫ్ ఫలించాలంటే ప్రత్యర్థి చేతిలో పడేసే ముక్కలు ఉండాలి, ఈ బోర్డు మీద అతను అందరికంటే సులువుగా పడేసేవి తప్పిపోయిన ఆఠీను డ్రాలే. మన చేతిలో ఆఠీనులు లేకపోతే, కనబడనివి 11 మిగులుతాయి కాబట్టి అతను రెండు ఆఠీనులు పట్టుకునే తీరులు 55. మనమే రెండు ఆఠీనులు పట్టుకుని కూర్చుంటే ఆ తీరులు 36కు పడిపోతాయి. పడేయవలసిన ముక్కల్లో మూడోవంతును మన చేత్తో మనమే తీసేసి, మిగిలిన రాజుల జతలను లేపమని అడుగుతున్నామన్నమాట. ఇదే బోర్డు మీద ఇస్పేటు రాణి, కళావరు 10 పట్టుకుని, ఆసు కోసమో 9 కోసమో చూసి తప్పిపోయినవాడికి బ్లఫ్ చేయడానికి మనకంటే మంచి కారణం ఉంది. దీనికి విరుద్ధంగా, మూడో ఆఠీను పడిన బోర్డు మీద ఫ్లష్ లేకుండా ఆఠీను ఆసు ఒక్కటే చేతిలో ఉన్నవాడు, అన్నిటికంటే పెద్ద ఫ్లష్ ఎదుట లేదని ఖాయంగా తెలిసిన ఏకైక ఆటగాడు. పెద్ద పందెం కాయడానికి అంతకంటే అనువైన ముక్క లేదు. ప్రత్యర్థి మరీ పిరికివాడని తెలిస్తే తప్ప, తప్పిపోయిన 7–6తో నేను చెక్ చేసి వదిలేస్తాను. ఆ చిప్స్‌ను రాణి–10 చేతికొచ్చినప్పుడో, ఆసు ఒక్కటే మిగిలినప్పుడో వాడుకుంటాను.